పూరక్కా, మా అమ్మా, మధ్యలో నా ఒంటరి ప్రయాణం

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఎవరికి వాళ్ళు తమని తాము వెతుక్కుంటూ ఉండేవాళ్ళు. టెస్టింగ్ టీమ్‌లో ఒకమ్మాయి శుక్రవారం సాయంత్రం గోకర్ణ బస్సెక్కి, అక్కడి బీచ్‌లో తనని తాను కనుక్కుని, సోమవారం పొద్దున్న మీటింగ్‌కల్లా తిరిగొచ్చేసింది. నా పక్క సీటు అబ్బాయి లడఖ్‌లో బైకు మీద కనుక్కున్నాడు (అంత దూరం వెళ్ళినా దొరికింది పాత మనిషే, వచ్చీ రాగానే నా చార్జర్ పట్టుకుపోయి మళ్ళీ ఇవ్వలేదు). నానక్‌రామ్‌గూడలో ఆ అద్దాల మేడలో, కిటికీ పక్కన కూర్చుని, నేను మాత్రం ఇంకా నాకు దొరకలేదు. ఎందుకు దొరకలేదో కూడా నాకు బాగా తెలుసు. పుట్టి బుద్ధెరిగాక నేనొక్కదాన్నే ఉన్న పూట లేదు. గోపన్‌పల్లిలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అమ్మ కుట్టుమిషను, దాని చుట్టూ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ళ జాకెట్లు. వెనక గదిలో నాయిన, నాయిన నిద్ర. నాయిన ఆఫీసు క్యాబ్ నడిపేవాడు, అదీ రాత్రి షిఫ్టు, కాబట్టి పగలంతా మా ఇంట్లో గుసగుసలే. ఆ జాకెట్లకూ ఆ గుసగుసలకూ మధ్య మిగిలిన చోట్లో నేను ఇంజినీరింగ్ చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వీడియోలు చూశాను. ప్రతి వీడియోలోనూ ఒకమ్మాయి ఉండేది. వీపు మీద బ్యాగు, చేతిలో పొగలు కక్కే కప్పు, ఎదురుగా మంచుకొండ, వెనక సంగీతం. పక్కన ఎవరూ ఉండరు. ఆ 'ఎవరూ లేకపోవడం' కోసం నేను ఏళ్ళ తరబడి కలగన్నాను.

జార్జియా అనే దేశాన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, అక్కడ చెక్క బాల్కనీలూ మంచుకొండలూ ఉన్నాయి. రెండోది, మా చుట్టాల్లోగానీ ఆఫీసులోగానీ అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళు ఒక్కరూ లేరు కాబట్టి నాకు సలహాలిచ్చే హక్కు ఎవరికీ లేదు.

"జార్జియానా? గది అమెరికాల ఉన్నదా?" అంది అమ్మ.

"కాదమ్మా, వేరే దేశం. టర్కీ పక్కన."

"ఎవలెవలు పోతున్నరు?"

"నేనొక్కదాన్నే."

కుట్టుమిషను ఆగిపోయింది. అమ్మ కళ్ళజోడు తీసింది.

"ఎవలితోనన్న కొట్లాడినవా బిడ్డా?"

మనిషి ఒక్కతే అంత దూరం వెళ్ళడానికి కొట్లాట తప్ప ఇంకో కారణం ఉంటుందని ఆమెకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. నేను అలిగాను, అన్నం మానేశాను (మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో రెండు పూటలదీ కలిపి తినేదాన్ని), ఆఖరికి నాయిన నిద్ర లేచి తీర్పు చెప్పాడు. "పోనియ్యే. రోజూ ఎంతమంది ఆడపిల్లల్ని ఎయిర్‌పోర్టుల దింపుతలేను? అందరు మంచిగనే తిరిగొస్తున్నరు." అమ్మ ఒప్పుకుంది. ఒకే షరతు. ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తాలి. సంతకం ఒక్కటే తక్కువగానీ అది అచ్చంగా ఒప్పందమే.

మా మేనేజరుగారిది గుంటూరు వైపు. సెలవు అడగడానికి వెళితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఒక్కరే వెళ్ళి ఏం చేస్తారండీ?" అన్నారు నిజమైన కుతూహలంతో.

"నన్ను నేను కలుసుకుంటానండీ" అన్నాను. (ఈ వాక్యం ఇప్పుడు గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. అప్పుడు మాత్రం చాలా గంభీరంగా, కిటికీలోంచి దూరంగా చూస్తూ అన్నాను. కిటికీలో అప్పుడు ఒక క్రేను తప్ప ఇంకేం కనిపించడం లేదు.)

ఆయన, "మంచిదండీ. కలిశాక వీలైతే మెయిల్ ఒకసారి చూడండి" అన్నారు.

అలా కొత్తగూడ బజారులో కొన్న, చలికి తొడుక్కునే ఎర్ర జాకెట్టుతో, ఒక ఇంగ్లీషు పుస్తకంతో (కాఫీ హోటల్లో కిటికీ పక్కన ఒంటరిగా కూర్చుని చదవడానికి, అట్ట బాగుందని కొన్నాను, లోపల ఏముందో ఇప్పటికీ తెలియదు), నేను టిబిలిసిలో దిగాను. పాస్‌పోర్టు చూసే ఆయన "ఒక్కదానివేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఆ ప్రశ్న కోసమే ఇంత దూరం వచ్చినట్టు ఛాతీ విరుచుకుని "అవును" అన్నాను. ఆయన తలెత్తనైనా లేదు, ముద్ర కొట్టి పంపేశాడు.

నేను గది తీసుకున్న ఇల్లు పాత ఊళ్ళో ఒక మెరక వీధి చివర ఉంది. వీడియోల్లో చూసినట్టే చెక్క బాల్కనీ, దాని మీదికి అల్లుకున్న ద్రాక్షతీగ. తలుపు తీసిన ఇంటావిడ మాత్రం ఏ వీడియోలోనూ లేదు. నల్ల గౌను, నిండైన మనిషి, నవ్వితే ఒక బంగారు పన్ను. నన్ను చూసింది. నా వెనక చూసింది. వీధి మలుపు దాకా చూసింది. ఇంకెవరూ రావడం లేదని నిర్ధారించుకుని, ఒక వేలు చూపించి కనుబొమలెగరేసింది. నేనూ ఒక వేలు చూపించి తలూపాను. ఆవిడ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని "వాయ్ మే!" అంది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఒప్పందం ఒప్పందమే, ఎత్తాను. వీడియోలో అమ్మ, ఆమె వెనక దండెం మీద ఎవరివో జాకెట్లు.

"చేరినవా? ఎవలే ఆమె? వామ్మో అంటున్నదేంది?"

"వామ్మో కాదమ్మా, వాళ్ళ భాషలో ఏదో..."

"వామ్మోనే. నాకు ఇనపడ్తలేదా?"

ఇంటావిడ ఫోనులోకి తొంగి చూసి "దేదా?" అంది. విమానంలో నేను బట్టీపట్టిన అరడజను మాటల్లో అదొకటి, దేదా అంటే తల్లి. అవునన్నాను. జీవితంలో నేను చేసిన పెద్ద పొరపాట్లలో ఆ తలూపు ఒకటి. ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని, నన్ను పెట్టెతో సహా గుమ్మంలోనే వదిలేసి లోపలికి నడిచింది. నేను బూట్లు విప్పుకుని వెళ్ళేసరికి ఇద్దరూ వంటింట్లో ఉన్నారు. ఆవిడ జార్జియన్‌లో, మా అమ్మ తెలుగులో, ఇద్దరూ గట్టిగట్టిగా మాట్లాడుకుంటున్నారు (గొంతు పెంచితే భాష తెలిసిపోతుందన్న నమ్మకం రెండు దేశాల్లోనూ ఒకటే). ఇంతలో ఆవిడ అల్మరాలోంచి ఏదో తీసి "పూరి" అంది. ఆ తర్వాత కెటిల్ చూపించి "చాయ్" అంది.

గోపన్‌పల్లిలో మా అమ్మ ముఖం వెలిగిపోయింది. "పూరి, చాయ్ అంటున్నదే! మన మాటనే! ఇగ నాకు ఫికర్ లేదు."

ఆ భాషలో పూరి అంటే రొట్టె. వచ్చింది కూడా పడవలా పొడుగ్గా, మూరెడు రొట్టె. అమ్మ దాన్ని ఫోనులో పరీక్షగా చూసి, "గిదేం పూరి? పొంగనే లేదు. నూనె కాగలేదని చెప్పు ఆమెకు" అంది. నేను చెప్పలేదు. కానీ ఆ పూటతో ఆవిడకు మా ఇంట్లో 'పూరక్క' అనే పేరు ఖాయమైపోయింది. నన్నేమో ఆవిడ 'గోగో' అనేది. ఏదో ముద్దుపేరనుకుని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, గోగో అంటే ఊరికే 'పిల్లా' అని. కూతురి వయసున్న ఎవర్నైనా అలాగే పిలుస్తారట.

మర్నాడు నా కల మొదలవ్వాలి. పాత ఊరి సందుల్లో గమ్యం లేకుండా తిరగాలి, దారి తప్పాలి, కాఫీ హోటల్లో కిటికీ పక్కన కూర్చోవాలి. ఎర్ర జాకెట్టు తొడుక్కుని బయటికొస్తే గుమ్మంలో పూరక్క చేతిసంచీతో, తలగుడ్డతో సిద్ధంగా ఉంది.

"నేనే తోలుకపొమ్మన్న" అంది అమ్మ ఫోనులో. "కొత్త ఊరు. రోడ్డు దాటాలంటే పరేషాన్ అయితవ్."

గచ్చిబౌలి కూడలిలో రోజూ రోడ్డు దాటే మనిషిని నేను. ఆ ఊళ్ళో కార్లన్నీ మనిషిని చూసి బుద్ధిగా ఆగుతున్నాయి. అయినా పూరక్క ప్రతి మలుపులోనూ నా మణికట్టు పట్టుకుని, ఒకటో తరగతి పిల్లని బడికి తీసుకెళ్ళినట్టు దాటించింది. నేను దారి తప్పబోయిన ప్రతిసారీ సరైన దారిలో పెట్టింది. కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దొరికింది, పుస్తకం తీశాను, తలెత్తితే ఎదురుగా పూరక్క, ఒళ్ళో సంచీ, బల్ల మీద చక్కెర డబ్బాకి ఆనించిన నా ఫోనులో మా అమ్మ. ఇద్దరూ నేను చదవడాన్ని చూస్తున్నారు. ఎంతసేపని చదువుతాను? లేచి బయటికొచ్చి, నది వంతెన మీద ఒక్కదాన్నే నిలబడి, గాలికి జుట్టు ఎగురుతుంటే ఫోటో తీసుకుని, 'నాతో నేను' అని రాసి స్టేటస్ పెట్టాను. రెండు నిమిషాల్లో మేనేజరుగారి మెసేజ్ వచ్చింది. "చాలా బాగుందండీ. ఆ పక్కన మోచెయ్యి ఎవరిదండీ?"

సాయంత్రం ఇంకో ముచ్చట. మా అమ్మ పూరక్క గౌను చేతులు చూసి ఊరుకోలేకపోయింది. "చంకల కాడ గుంజుతున్నది చూడు. ఎవడు కుట్టిండో గానీ పాడు చేసిండు. జర టేపు పెట్టు బిడ్డా, నేనొకటి కుట్టి పంపుత." దేశం కాని దేశంలో, ద్రాక్షతీగ కింద, చెక్క బాల్కనీలో, నన్ను నేను కలుసుకోవలసిన సమయంలో, నేను పూరక్కకు జబ్బ కొలత, మెడ కొలత తీసి గోపన్‌పల్లికి కేకలు వేసి చెప్పాను. పూరక్క చేతులు చాపి నిలబడి పకపకా నవ్వింది. అక్కడా చక్కిలిగింతలుంటాయని అప్పుడే తెలిసింది.

మూడో రోజు పొద్దున నేను మంచుకొండకు వెళ్ళాలి. అసలు ఈ ప్రయాణమంతా దానికోసమే. తెల్లారి లేచి చూస్తే నా బూట్లు లేవు. గదంతా వెతికి బాల్కనీలోకి వస్తే, తీగ మీద, నీళ్ళు కారుతూ వేలాడుతున్నాయి.

"నేనే కడగమన్న" అంది ఫోను. "గలీజుగున్నయి. గీ రోజు ఇంట్లనే ఉండు. అక్కడ సలి బాగున్నదట, పూరక్క చెప్పింది."

"ఏ భాషలో చెప్పింది?"

"గట్ల వణికి చూపించింది. భాషెందుకు?"

ఏళ్ళ తరబడి గుసగుసగా మాట్లాడిన గొంతు నాది. ఆ పొద్దున అది ఒక్కసారిగా లేచింది. "అమ్మా, నేనేమన్న చిన్నపిల్లనా? అక్కడా నువ్వే, ఇక్కడా నువ్వే! ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు నన్ను ఒక్కదాన్ని ఉండనియ్యవా?" అని అరిచాను. తెర మీద అమ్మ ముఖం కొద్దిగా వెనక్కి జరిగింది, అంతే. నేను ఫోను ఆపేశాను. ఒప్పందం రద్దు చేశాను. పూరక్క "గోగో, గోగో" అంటూ మెట్ల దాకా వచ్చింది. తడి బూట్లు తొడుక్కుని, ప్రతి అడుగుకీ పచక్ పచక్ మంటూ, స్వాతంత్ర్య సమరయోధురాలిలా వీధి దిగాను.

ఊరి చివరి బస్టాండులో మన షేర్ ఆటోలాంటి వ్యానే దొరికింది. నిండితేగానీ కదలదు. గోపన్‌పల్లిలో పెరిగిన అనుభవంతో సగం సీటులో కూర్చోవడం నాకు కష్టం కాలేదు. మలుపులు తిరిగి తిరిగి అది కొండల్లోకి ఎక్కింది. దిగి, వాలు దారిలో ఆయాసపడుతూ పైకి నడిస్తే, ఆ చివర చిన్న రాతి చర్చి, దాని వెనక ఆకాశమంతా ఆక్రమించి తెల్లటి కొండ. నిజంగానే ఉంది. వీడియోలో కంటే పెద్దగా ఉంది. నా పక్కన ఎవరూ లేరు. చేతులు చాచి, కళ్ళు మూసుకుని, సంగీతం మొదలవుతుందని ఎదురుచూశాను. గాలి హోరు తప్ప ఏమీ మొదలవ్వలేదు. ఒక కుక్క వచ్చి నా బూట్లు వాసన చూసి తుమ్మి వెళ్ళిపోయింది. కాలి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. నన్ను నేను కలుసుకునే ఆ ఘడియలో నాకు తెలిసిందల్లా ఏమిటంటే, నాకు బాగా ఆకలేస్తోందని.

చర్చి బయట ఒక ముసలావిడ పొడుగాటి ముదురు గోధుమరంగు కొవ్వొత్తులు దారాలకు వేలాడదీసి అమ్ముతోంది. ఇంత దూరం వచ్చి దేవుడి దగ్గర దీపం పెట్టకుండా పోవడమేమిటని ఒకటి కొన్నాను. లోపల చీకటిగా, చల్లగా, చాలామంది నిశ్శబ్దంగా ప్రార్థిస్తున్నారు. వాళ్ళ కొవ్వొత్తులు సన్నగా, పసుపుగా ఉన్నాయి. నాది లావుగా, గడ్డలు గడ్డలుగా ఉంది. మంచి రకం కాబోలనుకున్నాను. భక్తిగా పక్కవాళ్ళ మంట దగ్గర దాని కొస పెట్టాను. అంటుకోలేదు. ఇంకాస్త దగ్గరగా పెట్టాను. పాకం మాడిన వాసన లేచింది. పక్కన నిలబడ్డ పెద్దాయన ముందు నన్ను చూశాడు, తర్వాత నా కొవ్వొత్తిని చూశాడు, తర్వాత గోడవైపు తిరిగాడు. ఆయన భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. ఒక చిన్న పాప మాత్రం దాచుకోకుండా కిలకిలా నవ్వి, నా చేతిలో దాన్ని చూపిస్తూ నోరు తెరిచి, నమిలి చూపించింది. అది మిఠాయి. అక్రోటు పలుకులు దారానికి గుచ్చి ద్రాక్షరసం పాకంలో ముంచి ఆరబెట్టిన మిఠాయి. చర్చిలో అందరి ముందూ, దేవుడి ముందూ, నేను మిఠాయిని వెలిగించబోయాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, మాడిన కొసను గిల్లేసి, దాన్ని కొరుక్కు తింటూ నవ్వడం మొదలుపెట్టాను. కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాను. నవ్వుతూనే పక్కకు తిరిగాను, చెప్పడానికి. పక్కన ఎవరూ లేరు. కోరుకున్నట్టుగానే, ఏళ్ళ తరబడి కోరుకున్నట్టుగానే, ఎవరంటే ఎవరూ లేరు. నవ్వు మెల్లగా ఆగిపోయింది. జేబులోంచి ఫోను తీసి ఆన్ చేశాను. ఆ చలికి అది ఒకసారి మిణుకుమని చచ్చిపోయింది.

ఇక అక్కడినుంచి నా మనసు వేసిన సినిమా చూడాలి. వ్యానులో సగం సీటులో కూర్చుని, పొద్దున తెర మీద వెనక్కి జరిగిన అమ్మ ముఖాన్నే తలుచుకున్నాను. ఒక మలుపులో అమ్మ అన్నం ముట్టకుండా కూర్చుంది. రెండో మలుపులో కళ్ళు తిరిగి పడిపోతే దవాఖానకు తీసుకెళ్ళారు. ఇంకో మలుపులో నాయిన క్యాబ్ వదిలేసి, జీవితంలో మొదటిసారి ప్రయాణికుడిగా ఎయిర్‌పోర్టుకు బయల్దేరాడు. ఊరు దగ్గరపడేసరికి రెండు దేశాల పోలీసులూ నా ఎర్ర జాకెట్టు కోసం వెతుకుతున్నారు. వ్యాను ఆగీ ఆగకముందే దూకి, మెరక వీధిలో పడుతూ లేస్తూ పరిగెత్తి, ఇంకా పూర్తిగా చీకటి పడకముందే పూరక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను, "అమ్మా!" అని అరుస్తూ.

వంటింట్లో పూరక్క నవ్వుతోంది. బల్ల మీద, చాయ్ కెటిల్‌కి ఆనించిన ఆవిడ ఫోనులో మా అమ్మ కూడా నవ్వుతోంది. పూరక్క అక్రోట్లు కొట్టి పలుకులు తీస్తోంది. అక్కడ గోపన్‌పల్లిలో అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఇద్దరి ముందూ చాయ్.

"వచ్చినవా?" అంది అమ్మ, చిక్కుడుకాయ మీంచి చూపు తిప్పకుండా. "కాళ్ళు తుడుసుకుని రా. ఇల్లంత తడి చేస్తవు."

"అమ్మా... నువ్వు... ఏడవలేదా?"

"ఏడ్చిన. పొద్దుగాల జరసేపు ఏడ్చిన. పూరక్కకు ఫోన్ చేస్తే నన్ను చూసి ఆమె గూడ ఏడ్చింది. ఇగ ఇద్దరం ఎంతసేపని ఏడుస్తం? చాయ్ తాగినం."

"ఆవిడ నంబరు నీకెట్లొచ్చింది?"

"మొన్ననే తీసుకున్న. అగో, ఆమెకు గూడ ఒక్కతే బిడ్డ. ఇదే ఊర్ల వేరే ఇల్లు తీసుకుని ఒక్కతే ఉంటదట. తల్లి మాట ఇనదట."

"అదంతా ఆవిడ నీకు ఏ భాషలో చెప్పిందమ్మా?"

"ఏ భాషలనైన గట్లనే చెప్తరు" అంది అమ్మ.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కొండ గురించి చెప్పాలి, కుక్క గురించి చెప్పాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఆ మిఠాయి కొవ్వొత్తి గురించి చెప్పాలి. "అమ్మా, ఇయాల ఏమైందో తెలుసా..." అని మొదలుపెట్టాను.

"జర ఆగు బిడ్డా, మేం మాట్లాడుతున్నం గదా" అంది అమ్మ. పూరక్క కూడా నా వైపు అరచెయ్యి చూపించి, ఆగమన్నట్టు, మళ్ళీ ఫోనువైపు తిరిగింది. పొయ్యి మీద గిన్నెలో నాకోసం పూరక్క వండిన చిక్కుడుగింజల కూర ఉంది. పళ్ళెంలో వడ్డించుకుని, నా గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరకేసుకుని, ఒక్కదాన్నే తిన్నాను. గోడ అవతల నుంచి రెండు భాషల్లో నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఆ మర్నాటి నుంచి నాది నిఖార్సైన ఒంటరి ప్రయాణం. నన్ను ఎవరూ రోడ్డు దాటించలేదు. నేను ఫోన్ చేస్తే అమ్మది బిజీ వచ్చేది. కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని, ఆ పుస్తకాన్ని తెరిచి, తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసేదాన్ని. మిగిలిన రోజులు బాగానే గడిచాయి, దారులు తప్పాను, మనుషుల్ని కలిశాను, ఇంకా చాలా అయ్యాయి. కానీ అవన్నీ ఇంటికొచ్చి అమ్మకు చెప్పబోతే, సగం ఆమెకు ముందే తెలుసు.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలు నా బల్ల దగ్గరికొచ్చి, "మేడమ్, మీరు సోలోగా జార్జియా వెళ్ళారట కదా" అని గౌరవంగా అడుగుతుంటారు. నేను కుర్చీలో వెనక్కి వాలి, బూట్ల గురించీ చలి గురించీ పెద్దమనిషిలా చెబుతాను. పూరక్క సంగతి మాత్రం చెప్పను. ఆదివారం మధ్యాహ్నాలు మా ముందు గదిలో ఆ రెండు గొంతులూ ఇప్పటికీ మోగుతూనే ఉంటాయి. ఇద్దరూ ఒకరి భాష ఒకరు ఒక్క ముక్క నేర్చుకోలేదు. మొన్నొక ఆదివారం ఆ కబుర్లయ్యాక అమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ, "నాకు పాస్‌పోర్టు చేయిస్తవా?" అంది.

నాకు ఉత్సాహం ఆగలేదు. "తప్పకుండా అమ్మా! వచ్చే సెలవుల్లోనే పోదాం, మనిద్దరం..."

"నువ్వెందుకు?" అంది అమ్మ, నిజంగానే ఆశ్చర్యపోయి. "నేనొక్కదాన్నే పోత. నువ్వుంటే మా ముచ్చట సాగదు."

కుట్టుమిషను మళ్ళీ మొదలైంది. నేను అక్కడే నిలబడి, అంత దూరం వెళ్ళి తనని ఎవరూ ఒంటరిగా వదలడం లేదని కోపం తెచ్చుకుని, తీరా వదిలేసరికి గదిలో కూర్చుని ఏడ్చిన ఆ ఎర్ర జాకెట్టు పిల్లని తలుచుకున్నాను. పిచ్చిది. ఇప్పుడు ఎదురైతే పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కొండ మీద జరిగిందంతా మొదటినుంచీ చెప్పించుకునేదాన్ని.